మళ్లీ ఎంబీబీఎస్ సీటు రాలేదు, స్పీచ్ థెరపీలో చేరనా?

ప్రశ్న: మాది నరసరావుపేట. ఇంటర్ బైపీసీ అయ్యాక రెండేళ్లు లాంగ్‌టర్మ్ చేశాను. ఈసారి కూడా కన్వీనర్ కోటాలో ఎంబీబీఎస్ సీటు రాలేదు. నాన్న పొలం అమ్మి ప్రైవేటు కాలేజీలో బీ కేటగిరీలో, అంటే మేనేజ్‌మెంట్ కోటాలో చేర్పిస్తానంటున్నారు. అమ్మ ఏమో మందుల చదువు ఫార్మ్‌డీ చెయ్యి, పేరు ముందు డాక్టర్ అని ఉంటుంది అంటోంది. మా అక్క కొడుక్కి కాక్లియర్ ఇంప్లాంట్, అంటే వినపడటం కోసం చెవి లోపల ఆపరేషన్ చేసి అమర్చే పరికరం వేశారు. వాడితో థెరపీకి వెళ్లినప్పటి నుంచి నాకు స్పీచ్ థెరపీ చదవాలని ఉంది. కానీ డాక్టర్ కాలేక అందులో చేరిందంటారేమోనని భయం. పొద్దున్నే లేవాలనే అనిపించడం లేదు. ఏం చేయను?

జవాబు: అమ్మా, ముందు నీ చివరి మాట సంగతి. రిజల్ట్ వచ్చాక కొన్నాళ్లు అలా ఉండటం మామూలే. కానీ తిండీ నిద్రా లేకుండా వారాల తరబడి అలాగే ఉంటే, లేదా బతకడం ఎందుకు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, అదే రోజు అక్కతోనో అమ్మతోనో చెప్పు, 14416కి ఫోన్ చెయ్యి. అది టెలి మానస్ అని ప్రభుత్వ లైను, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు. కోర్సు గొడవ దాని తర్వాతే.

పొలం మాత్రం అమ్మనివ్వకు. బీ కేటగిరీ ఫీజు ఏడాదికి పది లక్షలు దాటుతుంది, కోర్సు అయ్యేసరికి యాభై లక్షల పైమాటే, హాస్టలూ పుస్తకాలూ వేరు. అదయ్యాక పీజీకి మళ్లీ నీట్, మళ్లీ కోచింగ్. ఆ భారం రోజూ మోస్తూ చదవడం ఎలా ఉంటుందో లాంగ్‌టర్మ్ హాస్టల్లో రెండేళ్లున్న నీకు నేను చెప్పక్కర్లేదు. ఫార్మ్‌డీ మంచి చదువే, కానీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఆరేళ్లు. మన దగ్గర ఆసుపత్రుల్లో క్లినికల్ ఫార్మసిస్టు ఉద్యోగాలు తక్కువ, చాలామంది చివరికి కంపెనీల్లో మందుల సైడ్ ఎఫెక్టుల రిపోర్టులు చూసే పనిలో చేరుతున్నారు. ఆ పని ఇష్టమైతే చేరు, పేరు ముందు రెండక్షరాల కోసం మాత్రం ఆరేళ్లు పెట్టకు.

నువ్వు చెప్పిన కోర్సు పేరు బీఏఎస్‌ఎల్‌పీ, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. వినికిడి, మాట రెండూ ఇందులోనే చదువుతారు. ఒక్క చిన్నపిల్లలే కాదు, పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్లు, నత్తి ఉన్నవాళ్లు, ఆటిజం పిల్లలు, గొంతు క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లు, అందరూ వస్తారు. మీ అక్క కొడుకు విషయంలో నువ్వే చూశావు కదా, సర్జన్ ఆపరేషన్ చేసి పంపేస్తారు, అక్కడి నుంచి వాడికి శబ్దం మాటగా మారడానికి నెలలూ సంవత్సరాలూ కూర్చునేది థెరపిస్టే. ఆ థెరపీ జరగకపోతే అంత ఖర్చు పెట్టి వేసిన ఇంప్లాంటు పిల్లాడికి చప్పుళ్లు వినిపించే మిషనుగానే మిగిలిపోతుంది. ఇలాంటి పనిని డాక్టర్ కాలేక చేసే పని అనడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

అయినా నీ ఇష్టాన్ని ఒకసారి గట్టిగా పరీక్షించుకో. మేనల్లుడి మీద ప్రేమ వేరు, రోజంతా పరాయి పిల్లలతో ఆ పని చేయడం వేరు. వాణ్ణి తీసుకెళ్లే సెంటర్లోనే థెరపిస్టునడిగి, వాళ్లు ఒప్పుకుంటే నాలుగైదు రోజులు ఓ మూల కూర్చో. ఆమె నోరు కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ అని ఒక్కొక్కటే పలుకుతుంది, వినపడినప్పుడల్లా పిల్లాడు డబ్బాలో ఒక బిళ్ల వెయ్యాలి. వాడు వెయ్యడు. బిళ్ల నోట్లో పెట్టుకుంటాడు, ఏడుస్తాడు, అమ్మ ఒళ్లోకి పరిగెడతాడు, ఆమె మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది, పక్కన తల్లేమో ఎప్పటికి మాట్లాడతాడండీ అని అడుగుతూనే ఉంటుంది. అది చూశాక కూడా మర్నాడు వెళ్లాలనిపిస్తే నీకు ఇక ఎవరి సలహా అక్కర్లేదు. విసుగొస్తే సిగ్గుపడకు, ఫిజియోథెరపీ ఉంది, కంటి చూపు పరీక్షలు చేసే ఆప్టోమెట్రీ ఉంది, నర్సింగ్ ఉంది, వాటినీ అలాగే దగ్గరికెళ్లి చూడు.

మొదట్లో జీతం పెద్దగా ఉండదు, అది ఇంట్లో ఇప్పుడే చెప్పెయ్. ఆడియాలజీలోనో (అంటే వినికిడి విభాగం) స్పీచ్‌లోనో రెండేళ్ల మాస్టర్స్ చేస్తే మెరుగవుతుంది. మన పిల్లలతో మన భాషలో పనిచేసే థెరపిస్టులు చిన్న ఊళ్లలో దొరకడం కష్టం, థెరపీ కోసం గుంటూరుకో విజయవాడకో బస్సెక్కే కుటుంబాలు ఎన్నో.

కాలేజీ విషయంలో జాగ్రత్త. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ గుర్తింపు లేని చోట చదివితే రిజిస్ట్రేషన్ రాదు, అది లేకుండా ప్రాక్టీసు చేయకూడదు. ఫోన్ చేసి సీటిప్పిస్తామనే కన్సల్టెన్సీల మాట నమ్మకుండా ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో కాలేజీ పేరు నువ్వే చూసుకో. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం, మైసూరులో ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్, రెండూ కేంద్ర ప్రభుత్వానివి, ఫీజులు ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ. ఎంబీబీఎస్ కౌన్సెలింగ్‌తో వీటికి సంబంధం లేదు, దరఖాస్తు గడువులు వేరు, ఈరోజే చూడు.

నాన్నకి నువ్వొక్కదానివే చెప్పకు, అక్కను కూడా కూర్చోబెట్టుకో. పిల్లాడు మొదటిసారి అమ్మా అన్న రోజు సంగతి ఆమె చెప్తే ఆయన వింటారు, ఫీజుల లెక్క నువ్వు చెప్పు.