రెండు కాపీలు పడేదాకా కార్డు ఖాళీ చెయ్యకు

చిన్నా,

రాత్రి ఒంటిగంటన్నరకి ఫోన్ చేసి "పెదనాన్నా, కాపీ 90 శాతం దగ్గర ఆగిపోయింది, జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా అంతా ఆ కార్డులోనే ఉంది" అన్నావు కదా, నీ గొంతులో వణుకు విని నాకు మళ్లీ నిద్ర పట్టలేదు. టెన్షన్ పడకు. ముందు ఆ మెమరీ కార్డుని కెమెరాలోంచి తీసి, పక్కనుండే చిన్న మీటని లాక్ వైపు జరుపు. అప్పుడు కార్డులోవి చదవొచ్చు కానీ చెరపలేం.

కాపీ మధ్యలో ఆగితే చెడేది అటువైపు సగం పడ్డ ఫైలు, కార్డులో ఉన్నది కాదు. అయితే కట్ చేసి పేస్ట్ మాత్రం ఎప్పుడూ చెయ్యకు. అటు చేరింది బాగుందో లేదో మనం చూసేలోపే ఇక్కడిది చెరిగిపోతుంది. నాకు ఒక పెళ్లిలో అలాగే జరిగింది, తలంబ్రాల క్లిప్పు హార్డ్ డిస్కులో తెరుచుకోలేదు, కార్డులో లేదు. ఆ సంగతి చెప్పడానికి పెళ్లికూతురి తల్లి ముందు నిలబడ్డ రోజు నేనింకా మర్చిపోలేదు.

నువ్వు కెమెరాకే కేబుల్ పెట్టి లాగుతున్నావు, నా అనుమానమంతా దాని మీదే. పెళ్లంతా తీసిన బ్యాటరీ ఎంతసేపు ఆగుతుంది? దానికితోడు కేబుల్ కొంచెం కదిలినా, కెమెరా దానంతటది ఆఫ్ అయినా కాపీ అక్కడితో సరి. యూఎస్‌బీ 3 కార్డ్ రీడర్ ఒకటి కొనుక్కో, హబ్‌కి కాకుండా నేరుగా కంప్యూటర్‌కే పెట్టు, చాలా కంప్యూటర్లలో ఆ పోర్టు లోపల నీలంగా ఉంటుంది. యూఎస్‌బీ 2 మీద కాగితం లెక్క 480 మెగాబిట్లు, అంటే సెకనుకి 60 ఎంబీ, చేతికొచ్చేది 30 నుంచి 40 మాత్రమే, కాబట్టి 64 జీబీ కార్డుకి అరగంట పడుతుంది. మంచి కార్డు, మంచి రీడర్ అయితే అదే పని పన్నెండు, పదమూడు నిమిషాల్లో అయిపోతుంది.

అప్పటికీ ఆగితే, ఎక్కడ ఆగుతోందో కాగితం మీద రాసుకో, ఇది చాలా ముఖ్యం. ప్రతిసారీ అదే ఫైలు దగ్గర ఆగితే కార్డులో ఆ చోటు దెబ్బతిని ఉండొచ్చు, ఆ ఒక్కటి వదిలేసి మిగతావన్నీ ముందు దించుకో. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే కేబులో, రీడరో, పోర్టో, వాటిని ఒక్కొక్కటే మార్చి చూడాలి, అన్నీ ఒకేసారి మారిస్తే తప్పు దేనిదో తెలీదు.

పెన్‌డ్రైవ్‌లో 40 జీబీ ఖాళీ ఉన్నా "ఫైలు చాలా పెద్దది" అంటోందంటే అది ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉందని అర్థం, అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చుకో, ఆ పెన్‌డ్రైవ్‌ని, కార్డుని కాదు! కార్డు పెట్టగానే "ఫార్మాట్ చేయాలా" అని అడిగితే వద్దని చెప్పి తీసేసి నాకు ఫోన్ చెయ్యి, ఫోటోరెక్ లాంటి రికవరీ సాఫ్ట్‌వేర్లతో వెనక్కి తెచ్చుకునే దారి ఉంది, కానీ దాని మీద కొత్తగా ఏమీ పడకూడదు.

వీడియో ఫైళ్లు ఒక్కటే ఏరుకుని లాగకు, కార్డులో ఉన్న ఫోల్డర్లన్నీ ఉన్నవి ఉన్నట్టు దించు. ఏవీసీహెచ్‌డీ అనే రికార్డింగ్ పద్ధతిలో తీస్తే ఒకే షాటు ముక్కలుగా పడుతుంది, ఫోల్డర్లు చెడితే అతుకుల దగ్గర తేడా వస్తుంది. దించాక ప్లే చేస్తే తడబడుతోందని కంగారు పడకు, సైజు బైటుతో సహా సరిపోతే సాధారణంగా కాపీ తప్పు కాదు, 10 బిట్ హెచ్‌ఈవీసీ అనే బాగా కుదించిన వీడియోని నీ పాత ల్యాప్‌టాప్ లాగలేకపోతోంది, ఎడిటింగ్‌కి ప్రాక్సీలు, అంటే తేలికపాటి నకళ్లు, చేసుకో.

టెరాకాపీ అనే కాపీ సాఫ్ట్‌వేర్‌లో వెరిఫై (పడ్డది అసలుతో సరిపోయిందో చూసేది) పెట్టి రెండు వేర్వేరు డిస్కుల్లోకి వెయ్యి, ప్రతి క్లిప్పూ చివరిదాకా జరిపి చూడు. రెండూ సరిపోయాకే కార్డుని కెమెరాలో పెట్టి ఫార్మాట్ చెయ్యి, కంప్యూటర్‌లో కాదు. గురువారం ఇంకో పెళ్లి ఉందన్నావు కదా, దానికి నా కార్డులు రెండు పంపిస్తాను, ఈ కార్డుని మాత్రం రెండు కాపీలూ సరిపోయేదాకా షూటింగ్‌కి వాడకు.

మీ పెదనాన్న