నాయనకు పక్షవాతం, పింఛను మార్చడం లేదు. మా తరఫున మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

తమ్ముడూ, మీది కళ్యాణదుర్గం పక్క పల్లె అన్నావు. నాయనకు 71 ఏళ్లు, పక్షవాతం వచ్చినా వృద్ధాప్య పింఛను 4,000 మాత్రమే వస్తోంది, దివ్యాంగుల పింఛనుకు మార్చమంటే ‘సర్వర్ డౌన్, వచ్చే వారం రా’ అంటున్నారు, జిల్లాలో ఇట్లాంటివాళ్ల కోసం కొట్లాడేవాళ్లు ఎవరు అని అడిగావు. నేనూ అనంతపురం జిల్లా మనిషినే, ఈ బాధ పడినదాన్నే.

2023 ఎండాకాలంలో మా నాయన తోటలో బోరు దగ్గర పడిపోయాడు. ఎడమ చేయి, కాలు పట్టు తప్పాయి. దివ్యాంగుల పింఛనుకు సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు రాసిచ్చే కాగితం, కావాలి. దానికోసం ఒక ఆఫీసుకు పదకొండుసార్లు తిరిగాను. పన్నెండోసారి వరండాలో మూడు చక్రాల బండి మీద ఒక పెద్దాయన కనిపించాడు, మండల వికలాంగుల సంఘం మనిషి. ‘రసీదులు చూపించమ్మా’ అన్నాడు. ఒక్కటీ లేదు. ‘అయితే నువ్వు ఇక్కడికి ఒక్కసారి కూడా రాలేదు’ అన్నాడు. కోపం వచ్చింది గానీ ఆయన చెప్పింది నిజం.

అక్కడే నాతో అర్జీ రాయించాడు. రెండు పేజీల ఏడుపు కొట్టేసి అరపేజీ చేశాడు. ఆధార్ నంబరు, ఏ తేదీన వచ్చాను, ఏమన్నారు, నాకేం కావాలి, అంతే. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లి ఇచ్చి, నంబరు వేయించుకున్నాను. మూడు వారాల్లో సదరం క్యాంపులో డాక్టర్‌కు చూపించుకునే స్లాట్ వచ్చింది. (ధర్మవరం, కదిరి, హిందూపురం వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, 2022లో జిల్లా విడిపోయాక మీరు పోవాల్సింది పుట్టపర్తికి.)

అసలు కథ క్యాంపులో. మా నాయనను ఎవరు పలకరించినా ‘బాగున్నా సార్’ అంటాడు. అలవాటు. పైగా ఆరోజు ఇస్త్రీ చొక్కా వేసి, గుండీలు నేనే పెట్టి తీసుకుపోయాను. డాక్టర్ ఎట్లుంది అంటే ‘బాగున్నా సార్’ అనేశాడు! నేను నడుమ దూరి గబగబా చెప్పబోతే సంఘం పెద్దాయన నా చేయి పట్టుకుని ఆపాడు. ‘ఆయన్నే చెప్పనీ. పొద్దున లేచినప్పటి నుంచి ఏం చేస్తాడో అడగండి సార్’ అన్నాడు. నాయన మాట తడబడుతూ, మెల్లగా చెప్పాడు. చొక్కా గుండీ పెట్టుకోలేను, పంచె కట్టుకోలేను, చెంబు ఎత్తలేను, రాత్రిపూట ఒంటికి పోవాలంటే బిడ్డను లేపాలి. ఆ చివరి మాట నాక్కూడా ఎప్పుడూ చెప్పలేదు, లేపడమే తప్ప. డాక్టర్ పెన్ను పక్కన పెట్టి విన్నాడు.

ఇప్పుడు 6,000 వస్తోంది. మంచానికో వీల్‌చెయిర్‌కో పరిమితమైనవాళ్లకు 15,000 ఉంది, అది రాలేదని మొదట్లో నేను గొణిగాను. కర్ర పట్టుకుని వేపచెట్టు దాకా నడిచే మనిషికి అది రాదు, సరే.

మనుషులెవరు అన్నావు కదా. మన జిల్లాలో 1969 నుంచి పనిచేస్తున్న ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ చాలా పల్లెల్లో వికలాంగుల సంఘాలు పెట్టించింది. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉందేమో ముందు కనుక్కో. వకీలు కావాలంటే 15100కు ఫోన్ చెయ్యి. వైకల్యం ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా పెడుతుంది. పెద్దవాళ్ల సమస్యలకు 14567 ఉంది. కొడుకులు చూసుకోకపోతే 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గర కేసు వేయొచ్చు. మీ ఇంట్లో ఆ గొడవ లేదు కాబట్టి వదిలేస్తున్నా.

పర్సెంటేజీ పెంచిస్తామని ఐదువేలు, పదివేలు అడిగేవాళ్లు క్యాంపు గేటు దగ్గరే తగులుతారు. మాట కలపొద్దు. వైకల్యం 40 శాతం ఉంటే చాలు పింఛనుకు. 2025లో మళ్లీ తనిఖీలు పెట్టి చాలామందికి నోటీసులు ఇచ్చారు. కాబట్టి ఆస్పత్రి డిశ్చార్జి చీటీ, స్కాన్ ఫిల్మ్ ఎక్కడా పారేయొద్దు. మా అమ్మ ఆ ఫిల్మును బియ్యం డ్రమ్ము మీద మూతగా పెట్టింది, దేవుడి దయవల్ల గీతలు పడలేదు.

ఇంకొకటి, స్లాట్‌కు ముందే నాయన పేరు ఆధార్‌లోనూ ఆస్పత్రి చీటీలోనూ ఒకేలా ఉందో చూసుకో. మాకు ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఒకదాంట్లో వెనక ఉండి ఇంకో నెల పోయింది.