పాయింట్లు లేని రేసు గురించి రాసేటప్పుడు

బుజ్జీ,

1955లో ఇటలీలోని సిసిలీలో జరిగిన సిరక్యూజ్ గ్రాండ్ ప్రి మీద వ్యాసం రాస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఫార్ములా వన్ కార్ల రేసే అయినా, ప్రపంచ ఛాంపియన్‌షిప్ పాయింట్లు లేని రేసు అది. స్పోర్ట్స్ డెస్క్‌లో ఇలాంటి కాపీలు దిద్దీ దిద్దీ జుట్టు నెరిసినవాణ్ణి కదా, నాలుగు ముక్కలు చెప్పకుండా ఉండలేను.

"తొలి విజయం" అని రాసే ముందు ఒక్క నిమిషం ఆగు. బ్రిటిష్ కారు మొదటిసారి ఛాంపియన్‌షిప్ రేసు గెలిచింది 1957లో, ఎయిన్‌ట్రీలో. స్టిర్లింగ్ మాస్, టోనీ బ్రూక్స్ ఒకే వాన్‌వాల్ కారును వంతులవారీగా నడిపారు. అదే బ్రూక్స్ అంతకు రెండేళ్ల ముందే, 1955 అక్టోబర్ 23న, నువ్వు రాస్తున్న ఈ సిరక్యూజ్ రేసును కనాట్ అనే బ్రిటిష్ కారుతో గెలిచాడు. 1924లో సాన్ సెబాస్టియన్‌లో హెన్రీ సీగ్రేవ్ సన్‌బీమ్‌తో గెలిచాక, బ్రిటిష్ డ్రైవర్ బ్రిటిష్ కారులో గ్రాండ్ ప్రి గెలవడం మళ్లీ అప్పుడే. "ఛాంపియన్‌షిప్" అన్న ఒక్క మాట జారిపోయిందంటే నీ వాక్యం తప్పయిపోతుంది.

ఎవరు రాలేదో కూడా రాయాలి. మెర్సిడెస్ జట్టు రాలేదు. లె మాన్ రేసులో కారు ప్రేక్షకుల మీదికి దూసుకెళ్లిన ప్రమాదం తర్వాత కొన్ని రేసులు రద్దయి, ఆ ఏడాది ఛాంపియన్‌షిప్‌లో ఏడే మిగిలాయి. అవి సెప్టెంబర్‌కే అయిపోయాయి, మెర్సిడెస్ డ్రైవర్ ఫాంజియో ఛాంపియన్ అయిపోయాడు. అలాగని గెలుపును తక్కువ చేయకు. రెండు, మూడు స్థానాల్లో వచ్చిన ముస్సో, విల్లొరేసి నడిపినవి ఇటలీ కార్లు మసెరాటీలు, అదీ సొంత గడ్డ మీద. 70 ల్యాపుల రేసు అది, దాదాపు 385 కిలోమీటర్లు!

బ్రూక్స్ మాంచెస్టర్‌లో డెంటల్ స్టూడెంట్. విమానంలో పరీక్షలకు చదువుకుంటూ వెళ్లాడన్న కథతోనే అందరూ మొదలుపెడతారు. నువ్వు దాన్ని మధ్యలో ఎక్కడో ఒక వాక్యంలో చెప్పేసెయ్. నాకు నచ్చేది స్కూటర్ సంగతి. కనాట్ కార్లు ఇంకా చేరకపోవడంతో, అతను స్కూటర్ మీద సర్క్యూట్ చుట్టూ తిరిగి మలుపులు తెలుసుకున్నాడు. అంతకుముందు ఫార్ములా వన్ కారే నడపలేదు మరి. అతను ఎలా గెలిచాడన్నదానికి ఇది కొంత జవాబు. పరీక్షల పుస్తకం కాదు.

చివర్లో కనాట్‌కు ఒక పేరా ఉంచు. ఇంత గెలిచినా డబ్బు చాలక 1957లో రేసింగ్ మానేశారు. ఆ కార్లు కొన్నవాళ్లలో, తర్వాత ఫార్ములా వన్ వ్యాపారాన్నే నడిపిన బెర్నీ ఎకిల్‌స్టోన్ ఒకడు. చోటు చాలకపోతే డెంటల్ కథ కోసెయ్, ఇది మాత్రం కోయకు.

మీ పెద్దమామయ్య