సోడాలా మారిన ఉప్పునీళ్ల ట్యాంకు గురించి అల్లుడికి

హనుమకొండ

అల్లుడా,

నువ్వు పంపిన వీడియో మూడుసార్లు చూశాను. మొదట ఫోన్ మీద దుమ్మనుకుని చొక్కాతో తుడిచాను. మీ అత్త కళ్లద్దాలు తెచ్చిచ్చాక తెలిసింది, అవి బుడగలని. పాపం క్లౌన్ ఫిష్ రెండూ గోలీసోడాలో ఈదుతున్నట్టున్నాయి. కొత్త స్కిమ్మర్, అదే సన్నబుడగలతో మురికిని నురగలా తేల్చి తీసే యంత్రం, కొనమంటావా అని అడిగావు. కొనకు. ఆ పని నేనొకసారి చేసి నష్టపోయాను.

ముందు టెన్షన్ పెట్టుకోకు. ఈ సన్నబుడగలతో చేపల ప్రాణం మీదికి రావడం చాలా అరుదు. పగడాలకు చిరాకు, లైట్ల మీద ఉప్పు పేరుకోవడం, చూడ్డానికి బాగుండకపోవడం, ఇవే ఎక్కువ. రాత్రికి రాత్రి పైపులన్నీ విప్పి కూర్చోవాల్సిన పని లేదు.

మంచినీళ్ల ట్యాంకు ఉన్నప్పుడు ఈ బాధ లేదే అన్నావు. మంచినీళ్లలో రెండు బుడగలు తగిలితే కలిసి పెద్దవవుతాయి, గబుక్కున పైకొచ్చి పగులుతాయి. ఉప్పునీళ్లలో అంత తేలిగ్గా కలవవు, సన్నగానే ఉండిపోతాయి. స్కిమ్మర్ పనిచేసేదే ఆ గుణం వల్ల. కాబట్టి ఉప్పును తిట్టి లాభం లేదు. గాలి ఎక్కడ దూరుతోందో పట్టుకోవాలి.

ఈ రాత్రి లైట్లు ఆరి రెండు గంటలయ్యాక టార్చి వేసి చూడు. పగలు రాళ్ల మీద ముత్యాల్లా అంటుకుని కనిపించేవి పాచి వదిలే ఆక్సిజన్ బుడగలు కావచ్చు, వాటికీ ఫిల్టర్‌కూ సంబంధం లేదు. చీకట్లో కూడా పైపు మూతి దగ్గర పొగలా వస్తుంటే మాత్రం తప్పు కింద సంపులోనే ఉంది. సంపు అంటే మీ ఇంటి ముందు మున్సిపల్ నీళ్లు పట్టే సంపు కాదులే, ట్యాంకు కింద బీరువాలో ఉన్న గదుల తొట్టి. ట్యాంకు నీళ్లు అందులోకి దిగి, శుభ్రమై, మోటరుతో మళ్లీ పైకెక్కుతాయి.

నా సంగతి విను. 2016 ఎండాకాలం. నాది 240 లీటర్ల ట్యాంకు. ఏప్రిల్ చివర్లో బుడగలు మొదలయ్యాయి. స్కిమ్మరే కారణమని తేల్చేసుకుని, పాతదాన్ని పక్కన పడేసి కొత్తది తెప్పించాను. కొత్తది పెట్టాక ఇంకా ఎక్కువయ్యాయి. తర్వాత జమ్మికుంటలో పెళ్లికి వెళ్లి రెండు రోజులకు తిరిగొస్తే ట్యాంకు పాలలా తెల్లగా ఉంది, కింద మోటరు గురకపెడుతోంది. వంగి చూస్తే మోటరు ఉన్న గదిలో నీళ్లు అడుగంటాయి. మన దగ్గర మే నెల ఎండలు నీకు తెలియనివా? నీళ్లు చల్లబడాలని పెట్టిన ఫ్యాన్ల గాలికి రోజుకు నాలుగైదు లీటర్లు ఆవిరైపోతున్నాయి. సంపులో మిగతా గదుల మట్టాన్ని అడ్డు అద్దాలు ఆపుతాయి, ఎంత తగ్గినా మోటరు గదిలోనే తగ్గుతుంది. అక్కడ తగ్గితే మోటరు సుడి తిప్పి గాలి లాగుతుంది. పైగా చివరి అద్దం మీది నుంచి నీళ్లు ఎత్తునుంచి దుంకి మోటరు పక్కనే నురగ లేపుతాయి. రెండు తప్పులూ ఒకేచోట. పాత స్కిమ్మర్‌కు ఏ రోగమూ లేదు, ఆ డబ్బు గంగలో కలిసింది.

అందుకే మోటరు గదిలో నీళ్లు ఎంత ఉన్నాయో మొదట చూడు. తగ్గి ఉంటే తగ్గినంత మేర ఆర్‌ఓ నీళ్లు మెల్లగా పోయి. ఉప్పు కలిపినవి కాదు, ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు లోపలే ఉంటుంది. అరగంటలో బుడగలు తగ్గితే నీ జబ్బు దొరికినట్టే. మట్టం తగ్గగానే తనంతట తానే నీళ్లు వదిలే ఫ్లోట్ వాల్వ్ ఒకటి పెట్టుకో, పెళ్లిళ్లకు నిశ్చింతగా వెళ్లొచ్చు. కానీ మరీ నింపకు. కరెంటు పోయినప్పుడు పైనుంచి వెనక్కి దిగే నీళ్లకు సంపులో జాగా ఉండాలి. మోటరు ఆపినా సంపు పొంగడం లేదని చూసుకుని, మోటరు తిరుగుతున్నప్పుడు నీళ్లు ఉండే మట్టం దగ్గర టేపు అంటించు, అది దాటి నింపకు. కరెంటు తిరిగొచ్చాక కాసేపు బుడగలు రావడం మామూలే.

దానితో తగ్గకపోతే స్కిమ్మర్‌ను ఓ అరగంట ఆపి చూడు. అప్పుడు తగ్గితే అదే. కొత్తదైతే వారం పది రోజులు నురగలు కక్కుతూనే ఉంటుంది, జర ఓపిక పట్టు. ఈమధ్య క్లోరిన్ పోవడానికి మందు వేసినా, ఏదైనా కొత్తగా అంటించినా కూడా పొంగుతుంది. కంపెనీ చెప్పిన లోతులోనే అది నిలబడాలి, లోతు ఎక్కువైతే కింద ఒక పీట పెట్టు. దాని నీళ్లు బయటికొచ్చే మూతిని మోటరు వైపు కాకుండా గోడ వైపు తిప్పు. ఒక్కోసారి ఒక్కటే మార్చు, అన్నీ కలిపి మారిస్తే దేనివల్ల తగ్గిందో నీకే తెలియదు.

ఇప్పుడు నా అసలు సబ్జెక్టుకొస్తాను. ముప్పై ఏళ్లు చెరువుల మీద పనిచేసినవాణ్ని, ఊరుకుంటానా? నీ సంపులో ఉన్న మూడు అడ్డు అద్దాలు చెరువు కట్టడమే. మొదటిది మత్తడి, నీళ్లు మీదినుంచి దుంకుతాయి. రెండోది తూము, నీళ్లు కిందినుంచి దూరుతాయి. మూడోది మళ్లీ మత్తడి. మీ కరీంనగర్ మానేరు డ్యాం గేట్లెత్తినప్పుడు కింద తెల్లగా నురగ లేస్తుంది కదా, కొంత దూరం పోయి నీళ్లు నెమ్మదించాక ఆ నురగ ఉండదు. ఇక్కడా అంతే.

వెంట్రుకంత సన్నటి బుడగ సెకనుకు అర సెంటీమీటరు మాత్రమే పైకి లేస్తుంది. నీ మోటరు గంటకు 3000 లీటర్లదని రాశావు, అంటే సెకనుకు 830 మిల్లీలీటర్ల పైమాటే. సంపు వెడల్పు 30 సెంటీమీటర్లు, అద్దాల మధ్య సందు రెండున్నర. ఆ సందులో నీళ్లు సెకనుకు 11 సెంటీమీటర్లు కిందికి పరుగెడుతున్నాయి. పాపం ఆ బుడగ ఎట్లా పైకి ఎక్కుతుంది? నీళ్లతోపాటు జారిపోయి మోటరు నోట్లో పడుతుంది. అదే మోటరు వేగాన్ని గంటకు 1200 లీటర్లకు తగ్గించి, సందును 5 సెంటీమీటర్లు చేస్తే సెకనుకు రెండు సెంటీమీటర్ల చిల్లర. దానికి ముందున్న గదిని వెడల్పుగా, ఖాళీగా వదిలితే అక్కడ నీళ్లు పాకుతున్నట్టే పోతాయి, చాలా బుడగలు అక్కడే పైకి తేలతాయి. అద్దాలు పెంచడం కంటే జాగా పెంచడం మేలు.

3000 లీటర్ల మోటరు ఎందుకు పెట్టావో నాకర్థం కాలేదు. నీదీ నాదీ ఒకే సైజు ట్యాంకు. సంపు గుండా గంటకు ట్యాంకు నీళ్లు నాలుగైదు సార్లు తిరిగితే చాలు. పగడాలకు ప్రవాహం కావాలంటే ట్యాంకులోనే వేవ్‌మేకర్, అంటే నీళ్లను కదిలించే చిన్న ఫ్యాను, పెట్టు.

పైనుంచి దిగే పైపు గలగలమంటోందా? అంటే నీళ్లతోపాటు గాలీ దిగుతోంది. పైపు చివర మూడు మూతుల ‘T’ ఆకారం అతుకు పెట్టి, దాని పై మూతిని నీళ్లకు పైన తెరిచి ఉంచు, గాలి అటునుంచి పోతుంది. కింది మూతి నీళ్లలో ఒక అంగుళం మునిగితే చాలు. ఫిల్టర్ సాక్, అంటే మురికి పట్టే గుడ్డ సంచి, తొడిగినా పనిచేస్తుంది, కానీ మూణ్నాలుగు రోజులకోసారి ఉతకాలి. నీకున్నది ఒక్క పైపే అయితే దానికి వాల్వ్ పెట్టి బిగించకు. నత్త ఒకటి అడ్డం పడ్డా నీళ్లు హాల్లోకొస్తాయి, అప్పుడు బుడగల కంటే మీ అమ్మతో పెద్ద బాధ. రెండో పైపు అదనంగా ఉంటేనే మొదటిదానికి గేట్ వాల్వ్ వేసి నిండుగా పారించొచ్చు.

మోటరు సంపు బయట ఉంటే పీల్చే వైపు అతుకులు వెతుకు. అక్కడ చిల్లు పడితే మోటరు తిరుగుతున్నప్పుడు నీళ్లు కారవు, గాలే లోపలికి పోతుంది. మోటరు ఆపాక చెమ్మ కనిపిస్తుంది, లేదా తెల్లటి ఉప్పుపొర ఉంటుంది. టెఫ్లాన్ టేపు తీసి కొత్తది చుట్టు.

మోటరు ముందు స్పాంజి పెట్టుకోమని షాపువాళ్లు చెప్తారు. పెట్టుకో, కానీ వారానికోసారి కడగకపోతే అదే మురికి గూడవుతుంది. నేను తీసేశాను.

అద్దాలు జరపాలంటే సంపు పూర్తిగా ఎండాలి, ఫంగస్ మందు లేని మామూలు అక్వేరియం సిలికాన్ వాడాలి, అతికాక వారం ఆగాలి. ఆ వారం చేపల్ని ఎక్కడ ఉంచుతావో ముందే చూసుకో. మొదట మోటరు వేగం తగ్గించి చూడు, నా లెక్క ప్రకారం సగం బుడగలు దానితోనే పోతాయి. అప్పటికీ మిగిలితే సంపు లోపలి వెడల్పు, ఎత్తు మిల్లీమీటర్లలో కొలిచి పంపు. ఇక్కడ అద్దాలు కోయించి, వచ్చే ఆదివారం మీ అమ్మ కరీంనగర్ బస్సెక్కేటప్పుడు ఇచ్చి పంపుతాను.

మామ