కొత్త ఐసీయూకి వెళ్తున్న మా పిల్లకి

చిట్టితల్లీ,

పార్వతీపురంలో కొత్తగా తెరుస్తున్న ఐసీయూకి నిన్ను ఇన్‌ఛార్జి సిస్టర్‌గా తీసుకున్నారని మీ అమ్మ ఫోన్ చేసింది. వీధంతా చాటింపు వేసినంత పని చేశాను. రాత్రి పడుకున్నాకే టెన్షన్ మొదలైంది. వెంటిలేటర్ మీదున్నవాళ్లకి హెచ్‌ఎంఈ ఫిల్టర్, అదే, పేషెంటు వదిలిన ఊపిరిలోని వేడినీ తేమనీ పట్టి మళ్లీ లోపలికి పంపే ఫిల్టర్, ఎప్పుడెప్పుడు మార్చాలో ప్రోటోకాల్ నువ్వే రాయాలటగా!

చేతులు కడుక్కోవడం, గ్లవ్స్, స్టిక్కర్ మీద తేదీ, టైము రాయడం నీకు నేను చెప్పక్కర్లేదు.

చాలా ప్యాకెట్ల మీద 24 గంటలనే ఉంటుంది. అమెరికా రోగ నియంత్రణ సంస్థ సీడీసీ 2003లో ఇచ్చిన మార్గదర్శకాలు మాత్రం ఫిల్టర్ పాడైనా, మురికి కనిపించినా మార్చమన్నాయి, రొటీన్‌గా అయితే 48 గంటలలోపు మార్చొద్దన్నాయి. కొందరు పేషెంట్లకి కొన్ని రకాలు వారం దాకా పనిచేసినట్టు పరిశోధనలూ ఉన్నాయి. రోజూ మారిస్తే శుభ్రం అనుకుంటాం గానీ, సర్క్యూట్ గొట్టాలు విప్పిన ప్రతిసారీ పీప్, అంటే ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తిని తెరిచి ఉంచే ప్రెషర్, పోతుంది, ఊపిరితిత్తి ముడుచుకుంటుంది, తుంపర నీ మొహం మీదే పడుతుంది. అందుకని నా ఓటు 48కే. కానీ కంపెనీ 24 అన్నప్పుడు దాన్ని దాటే నిర్ణయం నువ్వొక్కదానివే నెత్తిన వేసుకోకు. డాక్టరుగారి చేతా ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ వాళ్ల చేతా సంతకం పెట్టించు.

నాకు భయం ఆ అంకె గురించి కాదు. స్టిక్కర్ చూసి ధీమాగా ఉండిపోతారే, అదీ భయం.

నేను పనిచేసిన ఒకచోట పురుగుమందు తాగిన కుర్రాణ్ని తెచ్చారు. ఆ కేసుల్లో సెక్రిషన్స్ ఎలా ఊరతాయో తెలుసుగా, సక్షన్ చేస్తున్నకొద్దీ వస్తూనే ఉంటాయి. సాయంత్రమే కొత్త ఫిల్టర్ పెట్టారు. తెల్లవారుజామున హై ప్రెషర్ అలారం. డ్యూటీ డాక్టరు ఛాతీ మీద స్టెత్ పెట్టి, పిల్లికూతలు వినిపిస్తున్నాయి, నెబ్యులైజ్ చేయండన్నారు. పురుగుమందు కేసులో పిల్లికూతలు మామూలే కదా, ఎవరికీ అనుమానం రాలేదు. ఫిల్టర్ తీయకుండానే, మిషన్ వైపు నుంచి మందు పెట్టేశారు. మందంతా ఫిల్టరే తాగేసింది, తడిసి ఇంకా బిగుసుకుంది. గాలి తోసేటప్పటి పీక్ ప్రెషర్ ఎగబాకుతోంది, గాలి ఒక్కక్షణం ఆపి చూసే ప్లాటో ప్రెషర్ కొలిచినవాళ్లు లేరు. కొలిచుంటే అది పెద్దగా పెరగలేదని, అడ్డు గాలిదారిలోనే ఉందని తెలిసేది. ‘ఫిల్టర్ చూశారా?’ అంటే ‘సాయంత్రం మార్చిందేగా’ అన్నారు. చివరికి మత్తుడాక్టరు పరుగున వచ్చి సర్క్యూట్ ఊడబీకి, గొంతులోని ట్యూబుకి నేరుగా, చేత్తో నొక్కి గాలి పంపే ఆంబూ బ్యాగు తగిలించారు. మెత్తగా, హాయిగా వెళ్లింది గాలి. ఫిల్టర్‌ని లైటుకెత్తి చూపిస్తే లోపల కఫం అట్టకట్టి ఉంది. కుర్రాడు బతికాడు, ఆ మాట ముందే చెప్పాల్సింది.

అందుకే గంటగంటకీ ఫిల్టర్‌ని కళ్లతో చూడమని రాయి. మిషన్ ప్రెషర్ కంట్రోల్ మోడ్‌లో ఉంటే హై ప్రెషర్ అలారం కోసం ఎదురుచూడొద్దు, అక్కడ ప్రెషర్ పెరగదు, ఒక్కో ఊపిరికి లోపలికెళ్లే గాలి, టైడల్ వాల్యూమ్, తగ్గుతుంది. ట్యూబుకీ ఫిల్టర్‌కీ మధ్య ఉండే చిన్న గొట్టం, క్యాథెటర్ మౌంట్‌లో నీటిచుక్కలు కనిపిస్తే తేమ అందుతున్నట్టే. పొడిగా ఉండి, సక్షన్ గొట్టం దిగడానికి మొరాయిస్తే ట్యూబే మూసుకుపోతోందేమో చూడు. ఫిల్టర్ ట్యూబు కంటే ఎత్తులో ఉండాలి. నీళ్లు వేడిచేసి గాలికి తేమ పట్టించే వేడి హ్యుమిడిఫయర్ ఉన్న సర్క్యూట్‌లో దీన్ని పెట్టనే పెట్టకూడదు.

చిక్కటి కఫం, రక్తం, ఒళ్లు 32 డిగ్రీల కంటే చల్లబడినవాళ్లు, చిన్న టైడల్ వాల్యూమ్ మీద ఉండి కార్బన్ డయాక్సైడ్ పెరుగుతున్నవాళ్లు, వీళ్లకి అసలు ఫిల్టర్ వద్దు, వేడి హ్యుమిడిఫయరే అడుగు. మా దగ్గర లేదని వాళ్లంటే, కొనమని గట్టిగా పట్టుబట్టు. చిన్నప్పుడు జాతరలో బొమ్మ కోసం రోడ్డు మీద దొర్లావే, ఆ మొండితనం ఇప్పుడు పనికొస్తుంది.

ఫిల్టర్లు స్పిరిట్‌తో కడిగి మళ్లీ వాడమని ఎవరైనా చెబితే, ఎంత పెద్దవాళ్లయినా సరే, ఒప్పుకోకు. స్టోర్స్‌లో ఉన్నాయంటే కుదరదు, తెల్లవారుజామున ఆ తాళం ఎవరి దగ్గరుంటుందో ఎవరికీ తెలియదు. ప్రతి మంచం దగ్గరా విప్పని ఫిల్టర్ ఒకటి, ఆంబూ బ్యాగు ఒకటి ఉండాలి. వాటికి ఇండెంట్, అదే కావాలని రాసిచ్చే చీటీ, నువ్వు డ్యూటీలో చేరిన రోజే పెట్టు. ప్రోటోకాల్ రాయగానే ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు, సంతకాలు కాకముందే.

మీ పెద్దమ్మ