ఎర్రకణాలు చిన్నగా, పాలిపోయి ఉన్నాయంటున్నారు... క్యాన్సరా?

ప్రశ్న: నా వయసు 34. కొన్ని నెలలుగా మెట్లెక్కితే చాలు ఆయాసం, గుండెదడ. నెలసరి ఎనిమిది రోజుల దాకా ఉంటోంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.2, ఎర్రకణాలు 44 లక్షలు, ఎంసీవీ (ఎర్రకణం సగటు పరిమాణం) 68, ఎంసీహెచ్ (ఒక్కో కణంలో సగటు హిమోగ్లోబిన్) 21, ఆర్‌డీడబ్ల్యూ (కణాల పరిమాణంలో తేడాల కొలత) 18.5 వచ్చాయి. కణాలు చిన్నగా, పాలిపోయి ఉన్నాయనీ, కొన్ని పెన్సిల్ ఆకారంలో ఉన్నాయనీ రాశారు. ఇది బ్లడ్ క్యాన్సరా? పదిహేను రోజులు ఐరన్ మాత్రలు వేసుకున్నా నీరసం తగ్గలేదని ఆపేశాను. కణాల ఆకారం మళ్లీ మామూలు అవుతుందా?

జవాబు: మీరు చెప్పిన వివరాలన్నీ ఐరన్ లోపాన్నే సూచిస్తున్నాయి. తెల్లకణాలు, ప్లేట్‌లెట్ల సంఖ్య రాయలేదు. అవి కూడా నార్మల్‌గా ఉంటే క్యాన్సర్ భయం పెట్టుకోనక్కర్లేదు. మాత్రలు ఆపేయడమే పొరపాటు. అదెందుకో తెలియాలంటే ఎర్రకణం నిర్మాణం కాస్త తెలియాలి.

ఆరోగ్యంగా ఉన్న ఎర్రకణం రెండువైపులా మధ్యలో నొక్కినట్టుండే బిళ్ల. వెడల్పు 7 నుంచి 8 మైక్రాన్లు. అదే ఘనపరిమాణంతో గుండ్రని బంతిలా ఉంటే దాని ఉపరితలం 97 చదరపు మైక్రాన్లకు మించదు. బిళ్లగా ఉండటం వల్ల అది 135 దాటుతుంది. ఈ అదనపు పొర వల్లే ఆక్సిజన్ చకచకా లోపలికీ బయటికీ వెళ్తుంది. తనకంటే సన్నని కేశనాళికల్లోంచి కూడా కణం మడతపడి, చిరిగిపోకుండా దూరిపోగలదు. ఇక లోపల చూస్తే, ఎముక మూలుగలో తయారవుతూనే కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది. ఆక్సిజన్ వాడుకుని శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా కూడా మిగలవు. అలా ఖాళీ అయిన చోట దాదాపు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు సర్దుకుంటాయి. మైటోకాండ్రియా లేవు కాబట్టి, మోసే ఆక్సిజన్‌లో తాను చిటికెడు కూడా వాడుకోదు!

అయితే కేంద్రకం లేని కణం తనను తాను బాగుచేసుకోలేదు. ఎలా పుట్టిందో అలాగే సుమారు 120 రోజులు తిరిగి, చివరికి ప్లీహంలోనో కాలేయంలోనో విచ్ఛిన్నమవుతుంది. మీ రక్తంలో ఇప్పుడున్న చిన్న కణాలను ఏ మాత్రా పెద్దవి చేయలేదు. వాటి స్థానంలో కొత్తవి రావాల్సిందే. పదిహేను రోజుల్లో అది సగం కూడా జరగదు.

చిన్నగా ఎందుకు పుట్టాయంటారా? మూలుగలోని పిల్లకణం తగినంత హిమోగ్లోబిన్ చేరేదాకా విడిపోతూనే ఉంటుంది. ఐరన్ చాలకపోతే ఒకసారి ఎక్కువ విడిపోతుంది, కణం చిన్నదవుతుంది. ఎంసీవీ 80 నుంచి 100 ఉండాల్సింది మీకు 68. మామూలు కణంలో మధ్యనున్న లేత భాగం వ్యాసంలో మూడోవంతే. హిమోగ్లోబిన్ తక్కువైతే ఆ లేతదనం అంచుల దాకా పాకుతుంది, దాన్నే పాలిపోవడం అని రాస్తారు. బీ12 లోపంలో దీనికి పూర్తిగా వ్యతిరేకంగా జరుగుతుంది: డీఎన్ఏ తయారీ నెమ్మదించి విభజన వెనకబడుతుంది, కణాలు పెద్దవవుతాయి.

చిన్న కణాలన్నీ ఐరన్ లోపమే కాదు, తలసీమియా మైనర్‌లోనూ (హిమోగ్లోబిన్ తయారీలో వంశపారంపర్యంగా వచ్చే స్వల్ప లోపం) ఇలాగే ఉంటాయి. అందులో ఎర్రకణాల సంఖ్య సాధారణంగా 50 లక్షలు దాటుతుంది, ఆర్‌డీడబ్ల్యూ అంతగా పెరగదు. ఎంసీవీని మిలియన్లలో (పది లక్షల్లో) చెప్పిన ఎర్రకణాల సంఖ్యతో, అంటే 68ని 4.4తో భాగిస్తే మీకు 15 పైన వస్తోంది. 13 దాటితే ఐరన్ లోపం వైపే మొగ్గు. ఇది అంచనా మాత్రమే, ఒంట్లో ఐరన్ నిల్వలను చెప్పే ఫెరిటిన్ పరీక్షతో తేల్చుకోండి. 30 కంటే తక్కువ వస్తే దాదాపు ఖాయం. ఒంట్లో ఇన్‌ఫెక్షన్, వాపు ఉంటే ఫెరిటిన్ పైకి పెరిగి లోపాన్ని దాచేస్తుంది కాబట్టి జ్వరం ఉన్నప్పుడు చేయించుకోవద్దు. ఫెరిటిన్ బాగానే ఉంటే అప్పుడు తలసీమియా ఉందేమో చూసే హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్ష అవసరం.

ఐరన్ లోపమని తేలితే, డాక్టర్ సలహాతో 60 మిల్లీగ్రాముల ఎలిమెంటల్ ఐరన్ (అసలు ఐరన్) ఉన్న మాత్ర రోజుకొకటి వేసుకోవచ్చు. కడుపులో ఇబ్బందిగా ఉంటే రోజు విడిచి రోజు చాలు. డబ్బా మీద రాసే ఐరన్ సమ్మేళనం (సాల్ట్) బరువు వేరు, అందులోని ఐరన్ బరువు వేరు, చూసుకోండి. పరగడుపున వేసుకోవడం మేలు. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్రలు, యాంటాసిడ్‌లకు రెండు గంటల ఎడం ఇవ్వండి. విరేచనం నల్లగా వస్తే కంగారుపడొద్దు, అది ఐరన్ రంగే. మాత్రలు వాడకముందే నల్లగా వస్తుంటే మాత్రం జీర్ణకోశంలో రక్తస్రావం ఉందేమో చూడాలి.

మాత్రలు పనిచేస్తుంటే వారం, పది రోజుల్లో రెటిక్యులోసైట్ల (అప్పుడే పుట్టిన ఎర్రకణాల) సంఖ్య పెరుగుతుంది. నాలుగు వారాలకు హిమోగ్లోబిన్ కనీసం 1 గ్రాము పెరగాలి. పెరగలేదంటే మాత్ర సరిగా వేసుకోవట్లేదు, ఒంటికి పట్టట్లేదు లేదా రక్తం ఇంకా పోతోంది. నార్మల్‌కి వచ్చాక కూడా నిల్వలు నిండటానికి మరో మూడు నెలలు వాడాలి.

ఎనిమిది రోజుల నెలసరికి కారణం కనుక్కోవడానికి గైనకాలజిస్టును కలవండి, అది సర్దుకోకపోతే ఎన్ని మాత్రలు వాడినా ఒకవైపు నింపుతుంటే మరోవైపు కారిపోతూనే ఉంటుంది. కూర్చున్నా ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే ఈ పరీక్షల కోసం ఆగకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.