లోడు ఏంటో తేల్చుకున్నాకే లారీ మొదలుపెట్టండి

ఈ నెల ఉత్తరాలు దాదాపు అన్నీ లారీ నమూనాల మీదే వచ్చాయి. విజయనగరంలో లారీ బాడీలు కట్టే షెడ్డులో వడ్రంగం చేసి బతికినవాణ్ణి. నాకు ఇంతకన్నా సంతోషం ఏముంటుంది? సాలూరు ఉత్తరానికి ఎక్కువ చోటు ఇచ్చాను. మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు, మీరు అడిగినదానికీ సగం జవాబు అందులోనే ఉంది.

ప్రశ్న: మా నాన్న టాటా 1210 నడిపేవారు. సాలూరులో ఘాట్ ఎక్కి కోరాపుట్, జయపురం మీదుగా రాయ్‌పూర్ దాకా వెళ్లేవారు. ఆ బండి ఎప్పుడో అమ్మేశాం. అచ్చం అలాంటిదే చిన్నది చేసి ఆయనకి ఇవ్వాలని ఉంది. పక్క నుంచి తీసిన ఫోటో ఒకటి, ముందు నుంచి తీసింది ఒకటి ఉన్నాయి. ఏ సైజులో చెయ్యాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?
– డిగ్రీ విద్యార్థిని, సాలూరు

జవాబు: తల్లీ, చెక్క ముట్టుకోకముందే మీ నాన్నని ఒక్క మాట అడుగు. ఆ ఫోటో తీసిన రోజు బండి ఖాళీయా, లోడా? లోడైతే ఏం లోడు? ఎందుకని ఆయన ఆరా తీస్తే మాట మార్చెయ్. ఆ జవాబు మాత్రం లేకుండా పని మొదలుపెట్టకు. కమాను కట్టలు (ఇరుసుల మీద బరువు మోసే స్ప్రింగు పట్టీల దొంతరలు) ఎంత సాగాలి, టైరు కింద ఎంత నొక్కుకోవాలి, మోకు ఎక్కడ బిగుసుకోవాలి, దుమ్ము ఏ రంగులో ఉండాలి, అన్నీ లోడుని బట్టే. చాలామంది లైట్లు, అద్దాలు, బంపరు అద్భుతంగా చేస్తారు. కానీ బండి చూస్తే బరువు మోస్తున్నట్టే అనిపించదు. అంత కష్టపడి చేసినవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

సైజు 1/24 పెట్టుకో, అంటే అసలు బండిలో ఇరవై నాలుగో వంతు. విదేశీ లారీ కిట్లు ఎక్కువగా 1/24, 1/25 సైజుల్లోనే వస్తాయి కాబట్టి అద్దాలు, లైట్ల లాంటి చిన్న సామాను కలుస్తుంది. అంతకన్నా పెద్ద కారణం మన షెడ్డు లెక్క. మనకి బాడీ కొలతలన్నీ అడుగులు, అంగుళాల్లోనే. 1/24లో అడుగంటే సరిగ్గా అర అంగుళం. 18 అడుగుల బాడీ 9 అంగుళాలు అవుతుంది, 8 అడుగుల వెడల్పు 4 అంగుళాలు. కాలిక్యులేటర్ అక్కర్లేదు. అసలు బండి మీద అంగుళం నీ దగ్గర మిల్లీమీటరు కన్నా పిసరంత ఎక్కువ.

ఫోటోలోంచి కొలతలు తియ్యడానికి టైరే నీ టేపు. మీ బండికి 9.00-20 టైర్లయితే వాటి ఎత్తు మీటరు మీద రెండు సెంటీమీటర్లు. అది 1/24లో 42, 43 మిల్లీమీటర్లు. పక్క ఫోటోలో టైరు 14 మిల్లీమీటర్లు ఉందనుకో, ఫోటోలో ఏది కొలిచినా మూడు రెట్లు చేసుకుంటే నీ నమూనా కొలత వచ్చేస్తుంది. ముందు టైరు, వెనక టైరు రెండూ కొలువు. రెండూ ఒక్కలా రాకపోతే ఫోటో కొంచెం వార నుంచి తీశారన్నమాట. అప్పుడు క్యాబిన్‌ని ముందు టైరుతో, బాడీ వెనక భాగాన్ని వెనక టైరుతో లెక్కగట్టు.

ముందు షో (ఇంజన్ ముందుండే జాలీ) మీద గుర్తు విషయంలో జాగ్రత్త. టాటావాళ్లు 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టారు. ఆ ఒప్పందం 1969లో ముగిసింది. అంతకుముందు బండ్లకి బెంజ్ నక్షత్రం, ఆ తర్వాత వాటికి 'టి' అక్షరం. ఆర్‌సీ నకలు ఇంట్లో ఉంటే సంవత్సరం చూసుకో. 1210లో 12 అంటే లోడుతో కలిపి మొత్తం బరువు టన్నుల్లో, 10 అంటే వంద హార్స్‌పవర్ చుట్టుపక్కల.

ఇక కమాను కట్టలు. అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే పెట్టు. వెనక ఇరుసు మీద అసలు కట్ట ఉంటుంది, దాని పైన పొట్టిగా హెల్పర్ కట్ట. బండి ఖాళీగా ఉన్నప్పుడు అసలు కట్ట చివర్లు పైకి లేచి విల్లులా ఉంటుంది. హెల్పర్ చివర్లకీ, చాసీకి బిగించిన బ్రాకెట్లకీ మధ్య సందు కనబడుతుంది. లోడు పడేకొద్దీ అసలు కట్ట సాగి దాదాపు తిన్నగా అవుతుంది, హెల్పర్ వెళ్లి బ్రాకెట్లకి ఆనుకుంటుంది. అక్కణ్ణుంచి బరువు రెండూ కలిసి మోస్తాయి. ఆ సందు ఉందా, మూసుకుందా అన్నది చూసి అనుభవం ఉన్న డ్రైవర్ లోడు సంగతి చెప్పేస్తాడు. మీ నాన్న కూడా వంగి ముందు చూసేది అక్కడే.

కట్టలో ఒక్కో పట్టీ 70 మిల్లీమీటర్ల వెడల్పు, 12 మందం అనుకుంటే నీకు 3 మిల్లీమీటర్ల వెడల్పు, అర మిల్లీమీటరు మందం పట్టీలు కావాలి. ఇత్తడి రేకు మంచిది, దొరక్కపోతే అదే మందం ప్లాస్టిక్ షీటు. అన్నీ ఒకే పొడవు కోసి దొంతర పెట్టకు. అన్నిటికన్నా పై పట్టీ పొడుగు. దాని రెండు చివర్లూ గుండుసూది చుట్టూ తిప్పి కన్ను చెయ్యాలి. కిందికి వచ్చేకొద్దీ ఒక్కో పట్టీ రెండు వైపులా సమానంగా తగ్గాలి. దేనికదే విడిగా వంచి, పేర్చి, మధ్యలో సన్నటి తీగతో యూ బోల్టులు బిగించు. అంటించేసిన తర్వాత అన్నీ కలిపి వంచితే పట్టీల మధ్య గీతలు చెదిరిపోయి ఒకే ముద్దలా కనబడుతుంది. ఎడమ కట్ట, కుడి కట్ట ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో గాజు పలక మీద పెట్టి చూడు.

టైర్లు తరిణె (కర్రని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద చేయించుకో. ఏటికొప్పాకలో బొమ్మలు చేసే అంకుడు కర్ర దీనికి చాలా బాగుంటుంది. పోగు సన్నంగా, సమానంగా ఉంటుంది, గాడి తీసినా పెచ్చు లేవదు. ముందు రెండు, వెనక నాలుగు, స్టెప్నీ ఒకటి, మొత్తం ఏడు. ఎత్తు 42 మిల్లీమీటర్లు, మందం 11కి కొంచెం తక్కువ, మధ్యలో రిమ్ముకి 21 మిల్లీమీటర్ల గుంట. లక్క మాత్రం వద్దని గట్టిగా చెప్పు, ఆ మెరుపు టైరుకి పనికిరాదు. లోడు బండైతే ప్రతి టైరు అడుగునా ఒక మిల్లీమీటరు దాకా సాపు చెయ్. స్టెప్నీని ముట్టుకోకు, దాని మీద బరువు లేదు కదా.

బాడీ పలకలకి అందరూ ఐస్‌ఫ్రూట్ పుల్లలు వాడుతున్నారు. తప్పులేదు. కానీ పుల్ల మందం 2 మిల్లీమీటర్లు ఉంటే అసలు బండి మీద అది దాదాపు రెండు అంగుళాల పలక. డాలాకి (బాడీ పక్కలకీ వెనకా ఉండే తలుపుకి) అంత మందం పలక మేం ఎప్పుడూ వెయ్యలేదు. సగానికి అరగదియ్యి. పలకల మధ్య సందులు వదులు. లోపలి వైపు, నేల పలకల మీద, రంగు వెయ్యకపోయినా పర్వాలేదు. సరుకు రాసుకుని రాసుకుని అక్కడ రంగు మిగలదు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ప్లాస్టిక్ లారీ కిట్‌కి కార్లకి కొట్టే రంగు వేశాను. క్యాబిన్ మెత్తబడి ముడతలు పడింది. అద్దం అంటించిన చోట తెల్లటి పొగలాంటిది పట్టింది. టెన్షన్‌గా ఉంది, కిట్ పోయినట్టేనా?
– ప్రైవేటు ఉద్యోగి, శ్రీకాకుళం

జవాబు: పోలేదు. కార్ల రంగులో కలిపే ఎన్‌సీ థిన్నర్ కిట్ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. ముడత పడ్డ చోట పుట్టీ పెట్టి, ఆరాక 400 నంబరు వాటర్ పేపరు, తర్వాత 800 పట్టించండి. ఈసారి మామూలు ఎనామిల్‌ని టర్పెంటైన్‌తో పల్చన చేసి వెయ్యండి, లేదా నీళ్లతో కలిపే అక్రిలిక్ రంగు. అద్దం మీద పొగ ఫెవిక్విక్ ఆవిరి వల్ల. అద్దాలకి ఫెవికాల్ చాలు, ఆరాక కనబడదు. ఇంకోటి, మనది సముద్రం గాలి. ముసురు పట్టిన రోజు క్లియర్ స్ప్రే కొట్టకండి, తేమ పట్టి తెల్లగా పాలిపోతుంది. ఆరబెట్టడానికి ఎండలో కూడా పెట్టకండి, సన్నటి ప్లాస్టిక్ వంకర పోతుంది.

ప్రశ్న: లోడు మీద టార్పాలిన్‌కి ఏ గుడ్డ వాడినా గోనెసంచిలా కనబడుతోంది. టిష్యూ పేపరు వాడమంటున్నారు. నిజమేనా?
– పాఠకుడు, పొందూరు

జవాబు: మీ ఊళ్లో ఉండి గుడ్డ కోసం వెతుకుతున్నారా మాస్టారూ! 1/24లో మామూలు గుడ్డ పోగు 24 రెట్లు లావుగా కనబడుతుంది, చిక్కు అక్కడే. 100 కౌంటు (బాగా సన్నటి నూలు) పొందూరు ఖద్దరు చిరిగిన పాత పంచె ముక్క ఎవరినైనా అడగండి. ఎన్నో ఉతుకులు ఉతికింది ఇంకా మంచిది, మెత్తగా వాలుతుంది. కొత్త గుడ్డ కొయ్యకండి, ఆ నేతకి అన్యాయం. టిష్యూ పేపరూ పనిచేస్తుంది కానీ మోకు బిగించేటప్పుడు చిరుగుతుంది.

ముందు గుడ్డకి రంగు వేసుకోండి. ఒక వంతు ఫెవికాల్, మూడు వంతుల నీళ్లు కలిపి అందులో ముంచి, తడిగా ఉండగానే లోడు మీద పరవండి. తడి ఆరకముందే దారాలు బిగించాలి. అప్పుడే దారం గుడ్డలోకి దిగి, రెండు దారాల మధ్య లోడు ఉబ్బినట్టు కనబడుతుంది. 16 మిల్లీమీటర్ల మోకు మీకు 0.7 మిల్లీమీటర్ల దారం. కొవ్వొత్తి మీద ఒకసారి లాగితే నూగు అణిగిపోతుంది. రెండు పట్టాలు వేస్తే ముందు పట్టా అంచు వెనక పట్టా మీదికి రావాలి. లేకపోతే గాలి కిందికి దూరి పట్టాని లేపేస్తుంది. లారీ మీద పట్టా కట్టినవాళ్లు ఆ అంచు తిరగబడితే చూసిన వెంటనే పట్టేస్తారు.

ప్రశ్న: గ్రానైట్ లోడు లారీ చేస్తున్నాను. బాడీ నిండా రాయి పెట్టాను, బాగుంది. కానీ చూసిన మా బావగారు 'ఇది నడవదు' అన్నారు. ఎందుకు?
– పాఠకుడు, టెక్కలి

జవాబు: మీ బావగారి మాట నిజం. ఘనమీటరు గ్రానైట్ సుమారు 2.7 టన్నులు ఉంటుంది. రెండు ఇరుసుల 16 టన్నుల బండి, తన బరువు పోగా, మోసేది 10 టన్నుల చుట్టుపక్కల. అంటే నాలుగు ఘనమీటర్లు కూడా పట్టదు. 2 మీటర్ల పొడవు, 1.3 వెడల్పు, 1.4 ఎత్తు ఉన్న ఒక్క దిమ్మతోనే లోడు అయిపోయింది. మీ నమూనాలో అది 83, 54, 58 మిల్లీమీటర్లు. దాన్ని వెనక ఇరుసుకి కొంచెం ముందుగా, కింద చెక్క దుంగలు వేసి కూర్చోబెట్టండి. చుట్టూ బాడీ ఖాళీగా కనబడాలి, అదే దాని అందం. ఇదే బండికి ఉద్దానం కొబ్బరి పీచు ఎత్తితే క్యాబిన్ మీదికి పొంగుతుంది, కమాను కట్ట మాత్రం అంత సాగదు.

దిమ్మ పక్కల్లో డ్రిల్లు గాడులు మర్చిపోకండి. క్వారీలో వరసగా బెజ్జాలు వేసి రాయి విడగొడతారు కాబట్టి ఒక్కో ముఖం మీద సగం బెజ్జం చొప్పున నిలువు గాడులు మిగులుతాయి. మీకు అవి ఒకటిన్నర మిల్లీమీటర్ల లోపు వెడల్పు. థర్మోకోల్ దిమ్మకి పుట్టీ పట్టించి, పచ్చిగా ఉండగా సన్న ఊచతో నొక్కితే వచ్చేస్తాయి. దుమ్ము బూడిద తెలుపు రంగులో ఉండాలి. ఘాట్ రోడ్డు బండికి వేసే ఎర్రమట్టి రంగు దీనికి వద్దు.

ప్రశ్న: నంబరు ప్లేటు మీద ఏ సిరీస్ వెయ్యాలి? అక్షరాలు ప్రింటు తీయించవచ్చా?
– పాఠకుడు, బొబ్బిలి

జవాబు: విజయనగరం బండైతే ఏపీ 35, శ్రీకాకుళం బండైతే ఏపీ 30. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్‌గా ఏపీ 39 మొదలైంది, ఆ తర్వాతి బండైతే ఆర్‌సీలో ఉన్నదే వెయ్యండి. సరుకు బండి కాబట్టి పసుపు మీద నల్ల అక్షరాలు. ప్లేటు మొత్తం కాగితం మీద ప్రింటు తీసి అంటించెయ్యండి. డాలా మీద తెల్ల అక్షరాలు మాత్రం మామూలు ప్రింటర్‌తో రావు, దాంట్లో తెల్ల ఇంకు ఉండదు. సున్నా నంబరు బ్రష్‌తో చేత్తో రాయండి. నాలుగు అంగుళాల అక్షరం మీకు నాలుగు మిల్లీమీటర్లు. చెయ్యి కొంచెం వణికినా నష్టం లేదు, అసలు డాలా మీద కూడా పెయింటరు చేత్తోనే రాశాడు.

ప్రశ్న: మా బాబుకి పదేళ్లు. లారీలంటే పిచ్చి. బ్లేడు ఇవ్వడానికి భయంగా ఉంది.
– ఒక తల్లి, విజయనగరం

జవాబు: ఇవ్వకండమ్మా, కోత పని మీరు చెయ్యండి. స్వీటు డబ్బా అట్ట, సన్‌బోర్డు, నీళ్ల రంగులు చాలు. వాడికి టేపు ఇవ్వండి. ఆగి ఉన్న లారీ డ్రైవర్ని అడిగి, ఇంజన్ ఆపి ఉన్నప్పుడు, మీరు పక్కనే ఉండి, బయటి నుంచి కొలవనివ్వండి. బండి కిందికి మాత్రం దూరనివ్వకండి. టైరు ఎత్తు, డాలా ఎత్తు, మెట్టు ఎత్తు, ఆ మూడూ వాడి చేత్తోనే రాయించండి.

చివరగా పాఠకులకి ఒక విన్నపం. నెల్లిమర్ల జనపనార మిల్లుకి గోగునార బేళ్లు తోలిన పాత లేలాండ్ కామెట్ ఒకటి చేస్తున్నాను. అలాంటి లోడు బండి ఫోటో మీ ఇళ్లలో ఉంటే నకలు పంపండి. వెనక డాలా కీలు, గొలుసు దగ్గరగా కనబడితే మరీ మంచిది.